ఉప్పాడ అల్లుడూ, బావగారి షేర్లూ

ప్రయాణం నుంచి తిరిగొచ్చాక మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళు అడిగినవి రెండే ప్రశ్నలు. మామిడిపళ్ళు తెచ్చావా, ఉప్పాడ చీర కొన్నావా? పళ్ళు తెచ్చాను, పంచాను, అయిపోయాయి కూడా. చీర కొనలేదు. ఉప్పాడ దాకా వెళ్ళి చీర కొనకుండా వచ్చానంటే మావారే నమ్మలేదు. బీరువాలో దాచానేమోనని నవ్వుతూనే తలుపు తీసి చూశారు. ఎందుకు కొనలేదో ఒక్క ముక్కలో చెప్పడం నా వల్ల కాదు, అందుకని మొదటినుంచీ రాస్తున్నాను. అటువైపు ఎప్పుడూ వెళ్ళనివాళ్ళు తిండి సంగతులన్నా చదువుకోండి.

తుని

నేను పుట్టి పెరిగిన ఊరు. పెళ్ళయ్యాక చుట్టపుచూపుగా వెళ్ళేదాన్ని. నాన్నగారు పోయాక అదీ లేదు. మావారికి మోకాళ్ళ నొప్పులు, ఆయన రానన్నారు. సరే, ఒక్కదాన్నే పోతే నన్నెవరు ఎత్తుకుపోతారులే అని బయలుదేరాను.

రైలు దిగి బయటికి వచ్చేసరికి తడిగోనె కప్పిన తమలపాకుల బుట్టలు వరసగా కనిపించాయి. ఆ పచ్చి వాసన తగలగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆటో ఆయన "ఏంటండి, దుమ్ము పడిందాండి?" అని అడిగాడు. అవునని చెప్పి ఎక్కి కూర్చున్నాను.

మా కొట్టు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. నాన్నగారు బెల్లం, ఉప్పు, కొబ్బరితాళ్ళు, చింతపండు అమ్మేవారు. లోపలికి అడుగుపెడితే ఆ నాలుగు వాసనలూ కలిసి ముక్కుకి తగిలేవి. ఇప్పుడు ఏసీ గాలి తప్ప ఏమీ తగల్లేదు. గడప రాయి మాత్రం మాదే, మధ్యలో అరిగిపోయి అలాగే ఉంది. దాని మీద నిలబడి చూస్తూ ఉండిపోతే దుకాణం ఆయన "ఏం కావాలండి?" అని మర్యాదగా అడిగాడు. ఊరికే చూస్తున్నానంటే బాగుండదని ఒక ఫోను కవరు కొన్నాను. అది నా ఫోనుకి పట్టలేదు. ఇప్పటికీ డ్రాయరులో పడుంది.

మామిడిపళ్ళు డజను నాలుగొందలన్నాడు. బేరమాడితే మూడొందలయాభైకి దిగాడు. అంతటితో అయిపోలేదు, అడక్కుండానే ఒక పండు కొసరు వేశాడు. హైదరాబాదులో కొసరు అడిగితే పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. ఆ ఒక్క పండుకే నాకు పుట్టింటికి వచ్చినట్టనిపించింది.

కొట్టు గురించి ఇంకో సంగతి చెప్పాలి. నా చిన్నప్పుడు సముద్రం పక్కన రెండు పేటల వాళ్ళకి పెద్ద తగువు వచ్చింది. ఏ నీళ్ళలో ఎవరు వల వెయ్యాలన్న దాని మీద మొదలై కొట్లాటల దాకా వెళ్ళింది. కొబ్బరి బొండాలు కొట్టే కత్తులు మా కొట్లో ఉండేవి. ఒక సంతరోజున పొద్దున ఒక పేట వాళ్ళు, సాయంత్రం రెండో పేట వాళ్ళు వచ్చి కత్తులు అడిగారు. కొబ్బరితోటలు ఉన్నవాళ్ళు కాదు, అడిగింది ఒకటీ అరా కాదు. నాన్నగారు ఉన్న కత్తులన్నీ లోపలి గదిలో బెల్లం బస్తాల వెనక పడేసి, స్టాకు లేదండీ అని రెండు పేటల వాళ్ళకీ చెప్పారు.

ఎదురు కొట్టాయనకి అలాంటి పట్టింపులేమీ లేవు. రాజమండ్రి నుంచి బండెడు తెప్పించి ఇద్దరికీ అమ్మాడు. అమ్ముతూ అమ్ముతూ, అవతలివాళ్ళు నీకంటే ఎక్కువ పట్టుకెళ్ళారయ్యా అని చెవిలో వేసేవాడు. పెద్దమనుషులు రాజీ చెయ్యబోతే ఇంకో పుకారు పుట్టేది. నాయనమ్మ మాత్రం నాన్నగార్ని తిట్టిపోసింది, చేతికొచ్చిన బేరం వదులుకునే వెర్రిబాగులవాణ్ణి కన్నానని. నాన్నగారు నవ్వి ఊరుకున్నారు. ఆ కత్తులు కొట్టు మూసేనాటికి తుప్పు పట్టి అక్కడే ఉన్నాయి.

ఉప్పాడ

ఉప్పాడలో నాకు రత్నం ఉంది. పూర్తి పేరు నూకరత్నం. వాళ్ళమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని తుని సంతకి వచ్చేది, పోతూపోతూ మా కొట్లో ఉప్పు కొనేది. కూడా వచ్చిన రత్నం, నేను ఆ గడప మీద కూర్చుని గవ్వలాడేవాళ్ళం. రత్నాన్ని ముట్టుకుని ఇంట్లోకి వెళ్తే నాయనమ్మ ముక్కు మూసుకుని నన్ను బావి దగ్గరికి తరిమేది. ఆ మధ్య మా చుట్టం ఒకామె ద్వారా రత్నం నంబరు దొరికింది. ఫోను చేస్తే, వరంగారాండి అంటూ గొంతు గుర్తుపట్టేసింది.

అప్పట్లో సముద్రం చూడాలంటే ఇళ్ళు దాటి, ఇసుక దాటి, కాళ్ళు పీకేదాకా నడవాలి. ఇప్పుడు ఆ శ్రమ లేదు, సముద్రమే వీధిలోకి వచ్చేసింది. రోడ్డు పక్కన బండరాళ్ళు పోశారు, వాటినీ లాగేస్తోంది. రత్నం వాళ్ళ ఇంటి ముందు ఉండాల్సిన రెండు వరసల ఇళ్ళు లేవు. తుఫాను వెళ్ళాక జనం ఆ ఇసుకలో బంగారం రజను వెతుక్కుంటారట. పోయిన ఇళ్ళ తాలూకు బంగారమేనని రత్నం మామూలుగా చెప్పింది.

మే నెల, చేపల వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డున ఉన్నాయి. మగవాళ్ళు నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. ఊరంతా సెలవుల్లో ఉన్నట్టుంది.

మేం చేపలు తినమని రత్నానికి తెలుసు. నా కోసం కొత్త గిన్నెలు, కొత్త కంచం కొని, పెరట్లో వేరే పొయ్యి మీద వండింది. గుత్తొంకాయ కూర, మామిడికాయ పప్పు, గుమ్మడి వడియాలు, గడ్డపెరుగు. పక్కింట్లోంచి పులుసు వాసన వస్తోంది. నేను ముక్కు మూసుకోలేదు. నాయనమ్మ పైనుంచి చూస్తే చూడనీ. మొహమాటపడకుండా మూడుసార్లు కూర వేయించుకున్నాను.

అంత మర్యాద చేసినవాళ్ళ చేత ఎంగిలి కంచం కడిగించడమేమిటని, రత్నం వద్దంటున్నా వినకుండా కుళాయి దగ్గరికెళ్ళి కడిగాను. మా ఇంట్లో అలవాటుగా చేసినట్టే అరుగు మీద బోర్లించాను. అంతే, రత్నం కూతురు దుర్గ వంటింట్లోంచి పరుగున వచ్చి కంచం వెల్లకిలా తిప్పేసింది. ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకేమీ అర్థం కాలేదు. చుట్టూ చూస్తే అప్పుడు కనిపించింది. గ్లాసులు, బిందెలు, చేపల గంపలు, చివరికి పగిలిన కుండ కూడా మూతి పైకే పెట్టి ఉన్నాయి.

"మీకు తెలీదు కదండి," అంది రత్నం. "మగోడు నీళ్ళ మీద ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో ఏదీ బోర్లించమండి. పడవ తిరగబడ్డట్టే కదండి."

పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి కదా అన్నాను.

"మా అల్లుడిది పడవ కాదండి. ఓడ."

అప్పుడు చెప్పారు. దుర్గ భర్త ప్రసాదు మొదట కాకినాడ రేవులో చిన్న బోట్ల మీద చేసి, తరవాత సరుకుల ఓడలో చేరాడు. ఆ ఓడ ఇప్పుడు ఎర్ర సముద్రం వైపు వెళ్తోంది. అక్కడి ఇరుకు దారిలో పోయే ఓడల మీదికి ఒడ్డునుంచి మిస్సైళ్ళు వేస్తున్నారు. ఆ దారికి ముందొచ్చే రేవులో ఓడ ఆగినప్పుడు కంపెనీ ఒక్కొక్కరినీ అడుగుతుందట, ఆ దారిన వస్తావా రావా అని. వస్తానంటే ఆ రోజులకి జీతం రెట్టింపు. రానంటే ఆ రేవులోనే దింపేసి ఇంకొకణ్ణి ఎక్కించుకుంటారు.

ప్రసాదు వెళ్తానంటున్నాడు. రోడ్డుకి అవతల, సముద్రం రాలేనంత లోపల వాళ్ళు కొంచెం స్థలం కొని ఇల్లు మొదలుపెట్టారు. గోడలు లేచాయి, శ్లాబు పడలేదు. ఆ రెట్టింపు జీతం వస్తే వానలకి ముందే శ్లాబు పడుతుంది. దుర్గ వద్దంటోంది. ఇద్దరూ రోజూ ఫోన్లో పోట్లాడుకుంటున్నారు. ఓడ పేరు ఆ పిల్ల ఎన్నిసార్లు చెప్పిందో, నోరు తిరగని పేరైనా నాకు గుర్తుండిపోయింది. శ్లాబు లేకపోతే తాటాకు కప్పుకుంటానని, మనిషి లేకపోతే ఏం కప్పుకోనని నన్నడిగింది.

సాయంత్రం రాళ్ళ మీద కూర్చున్నప్పుడు రత్నమే కత్తుల సంగతి ఎత్తింది.

"మీ నాన్నగారు కత్తులు దాచేశారని మా అమ్మ చెప్పేదండి. ఎదురు కొట్టాయన మావోళ్ళకీ అమ్మాడు, ఆళ్ళకీ అమ్మాడు. మా మావయ్యని నరికింది ఆయన కొట్లో కత్తేనండి. దినం అయిపోయాక మావోళ్ళు ఎల్లి మళ్ళీ ఆ కొట్లోనే కొన్నారు." రాళ్ళకి కొట్టుకుంటున్న అలలకేసి చూస్తూ అడిగింది. "ఈ మిస్సైళ్ళు ఎవరు అమ్ముతారండి ఆళ్ళకి?"

పెద్ద పెద్ద దేశాలు అని చెప్పాను. వాళ్ళ ఊళ్ళల్లో కూడా గొడవలేనా అంది. లేదు, వాళ్ళు హాయిగానే ఉన్నారని చెప్పాను. మర్నాడు రత్నం నన్ను మగ్గాల దగ్గరికి తీసుకెళ్ళి జరీ చీరలు విప్పించింది. నెమలిపింఛం రంగు చీర ఒకటి ఒళ్ళో వేసుకున్నాను కూడా. ఎంత చక్కగా ఉందో! కానీ పక్కన దుర్గ ఫోను పట్టుకుని నిలబడి ఉంది, అది మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతోంది. చీర మడత పెట్టి ఇచ్చేశాను.

రామచంద్రపురం

మా పెద్దమ్మ కూతురు సీతక్క ఇక్కడే ఉంటుంది. రెండో పంట, దాళ్వా కోతలు కూడా అయిపోయి చేలు ఖాళీగా ఉన్నాయి, కొబ్బరిచెట్లు మాత్రం ఎప్పటిలాగే కాలవ మీదికి వాలి ఉన్నాయి. నేను ఒక్కరోజు ఉంటానంటే సీతక్క సంచీ లాగేసుకుంది. పొద్దున పెసరట్టు, ఉప్మా, మధ్యాహ్నం పనసపొట్టు కూర, సాయంత్రం తాపేశ్వరం కాజా. ఆ కాజా కొరికితే పాకం మోచేతి దాకా కారుతుంది. చిన్నప్పుడు సెలవులకి వస్తే ఆ పాకం నాకుతూ ఇద్దరం తన్నులు తిన్నాం. ఇప్పుడు ఇద్దరికీ షుగరు, ఇద్దరం దొంగతనంగా తిన్నాం.

బావగారు ధాన్యం వ్యాపారం కొడుకులకి అప్పగించి ఇంట్లో ఉంటున్నారు. మంచి మనిషి, ఇంటికొచ్చినవాళ్ళకి కాఫీ ఇవ్వకుండా పంపరు. ఒక చేతిలో టీవీ రిమోటు, ఇంకో చేతిలో ఫోను. టీవీలో బాంబు పడితేగాని ఆయనకి ఆకలి వెయ్యదని సీతక్క వెక్కిరించింది. నేను ఎందుకని అడిగాను. ఆయన సిగ్గుపడకుండా ఫోను నా ముందు పెట్టారు. ఆయుధాలు చేసే కంపెనీల షేర్లు కొన్నారట. యుద్ధం వార్త వస్తే లేస్తాయి, శాంతి చర్చలంటే పడతాయి. ఇప్పుడు టీవీ కూడా అక్కర్లేదు, షేరు లేచిందంటే ఎక్కడో ఏదో జరిగిందని తెలిసిపోతుందని నవ్వారు.

వ్యాపారం నడిచే తీరు ఆయనే వివరించారు, మిల్లులో గుమాస్తాకి చెప్పినట్టు. పెద్ద దేశం ఒకటి చిన్న దేశానికి సాయం చేస్తున్నానంటుంది. డబ్బు చేతికివ్వదు, నా దగ్గరే తుపాకులు కొనుక్కో అని అప్పిస్తుంది. గోడౌనులో పాత సరుకు కదులుతుంది, కొత్త సరుకుకి ఆర్డరు వస్తుంది. ఇంకో పెద్ద దేశం అవతలివాడికి ఇస్తుంది. ఇద్దరి కన్నూ అక్కడి చమురు మీద, అక్కడి సముద్రం దారి మీద. రెండు వైపులా జనం పోయాక, రాజీ చెయ్యడానికి పెద్దమనుషులుగా వచ్చి కూర్చునేది కూడా వాళ్ళే.

అన్నీ ఇంత బాగా తెలిసి ఎలా కొన్నారండీ అని అడిగాను. నాకు కోపం వచ్చింది, దాచుకోలేదు. తుని ఎదురు కొట్టాయన గుర్తున్నాడా అన్నాను. ప్రసాదు సంగతి, శ్లాబు సంగతి, కంచం సంగతి అన్నీ చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డారు. ఆ కుర్రవాణ్ణి వెళ్ళొద్దని చెప్పమన్నారు. కానీ షేర్ల దగ్గరికి వచ్చేసరికి వ్యాపారి అయిపోయారు.

"నేను తుపాకీ పేల్చడం లేదు కదమ్మా వరం. నేను కొనకపోతే ఇంకొకడు కొంటాడు. యుద్ధం ఆగుతుందా?"

ఆ మాటకి నాకు ఇంకా ఒళ్ళు మండింది. ఆ రాత్రి అన్నం తిని, కడిగి ఆరబెట్టిన కంచాలు బోర్లించి ఉంటే వెళ్ళి అన్నీ తిప్పి పెట్టాను. సీతక్క నాకు చాదస్తం పట్టుకుందని తెగ నవ్వింది.

రాజమండ్రి

బావగారితో పోట్లాట మర్నాటికి చల్లారింది. మా ఇళ్ళల్లో అంతే, కాఫీ దాకా కూడా నిలవదు. నాలుగు రోజులు ఉంచుకుని, రైలు ఎక్కించడానికి ఆయనే కారులో తీసుకొచ్చారు.

రైలుకి ఇంకా సమయముంటే గోదావరి గట్టుకెళ్ళాం. నది సన్నబడి ఇసుక మేటలు తేలి ఉన్నాయి. రైలు వంతెన మీదుగా వెళ్ళినప్పుడల్లా నాన్నగారు నా చేతిలో ఒక నాణెం పెట్టి గోదావరిలోకి విసరమనేవారు. నేను కళ్ళు మూసుకుని ఏం కోరుకునేదాన్నో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడమే దిగులుగా అనిపించింది. ఎండకి తట్టుకోలేక రోజ్ మిల్క్ దుకాణంలోకి వెళ్ళి నిలబడ్డాం.

గ్లాసు చేతికి వచ్చేసరికి బావగారి ఫోను మోగింది. చూసుకుని "అబ్బో" అని నవ్వారు. లేచాయన్నమాట అనుకున్నాను. ఆ నవ్వు ఆయన మొహం మీదే ఆగిపోయింది. గ్లాసు కింద పెట్టి, కళ్ళజోడు సర్దుకుని వార్తలు తెరిచారు. నా వైపు చూడకుండా, ఉప్పాడ అబ్బాయి ఓడ పేరేమిటని అడిగారు.

చెప్పాను. ఆయన ఫోను నా చేతికిచ్చారు. అదే పేరు. ఓడ మధ్యలోంచి నల్లటి పొగ లేస్తోంది. కొంతమంది నావికులు చనిపోయారని రాసి ఉంది, ఎవరో రాయలేదు.

రత్నానికి ఫోను చేశాను. ఎంగేజ్. దుర్గకి చేశాను. అదీ ఎంగేజ్. బావగారు డబ్బులిచ్చి, నా సంచీ అందుకుని, కారు తలుపు తీశారు. రైలు సంగతి నేను అడగలేదు. ఆయనా ఎత్తలేదు. "ఉప్పాడ వెళ్దాం పదమ్మా," అన్నారంతే.

పెద్దాపురం దారిలో

దారిపొడుగునా నేను ఫోను చేస్తూనే ఉన్నాను. బావగారు అంత వేగంగా నడపడం ఎప్పుడూ చూడలేదు. ఆయన ఫోను మళ్ళీ రెండుసార్లు మోగింది. రెండోసారి దాన్ని ఆపేసి వెనకసీట్లో పడేశారు.

చివరికి రత్నం ఎత్తింది. నేను అడిగేలోపే ఆవిడే చెప్పింది.

"దిగిపోయాడండి మావోడు. రేవులోనే దిగిపోయాడు. దుర్గ మాట విన్నాడండి."

నేను ఏడ్చేశాను. బావగారు కాలవ పక్కన కారు ఆపి, ఫోను స్పీకర్లో పెట్టమని సైగ చేశారు. ప్రసాదు దిగి వేరే దేశంలో ఎక్కడో హోటల్లో ఉన్నాడట, టిక్కెట్టు రాగానే వస్తాడట. శ్లాబు ఈ ఏడు లేదు, వానలకి పాత ఇంట్లోనే ఉంటారు, సముద్రం ఎంతవరకు వస్తుందో చూసుకుంటూ. పోనీలే రత్నం, దేవుడు చల్లగా చూశాడు అన్నాను.

రత్నం గొంతు తగ్గించి చెప్పింది.

"ఈడు దిగే నిచ్చెన కాడే ఆడు నించున్నాడంటండి, ఎక్కడానికి. ఈడి బదులు వచ్చినోడు. తెలుగోడు కాదంట, ఏ ఊరోడో. చిన్నోడేనంట. పడుకునే మంచం ఈడే చూపించాడంట, ఫ్యాను స్విచ్చి ఎక్కడుందో అదీ చెప్పాడంట. పోయినోళ్ళలో ఆడున్నాడండి. మావోడు పొద్దుటినుంచీ అన్నం తినలేదు, ఫోన్లో ఏడుస్తానే ఉన్నాడు."

బావగారు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కాలవకేసి చూస్తున్నారు.

"దుర్గ కొబ్బరికాయ తెచ్చిందండి, అమ్మోరికి కొడదామని. నేనే ఆపేను. మావోడు బతికినందుకు కొట్టాలి కదండి. కొడితే ఆ కుర్రోడి తల్లికి బిడ్డ పోయినందుకు కొట్టినట్టు అవదాండి? మీరు చదువుకున్నోళ్ళు. చెప్పండి, కొట్టమంటారా, వద్దంటారా?"

మళ్ళీ చేస్తానని చెప్పి ఫోను పెట్టేశాను. ఇద్దరం చాలాసేపు ఆ కాలవ గట్టునే ఉండిపోయాం. తరవాత బావగారు కారు రాజమండ్రి వైపు తిప్పారు, ఆ రాత్రి బండికి నేను వచ్చేశాను. ఆయన షేర్లు అమ్మేశారో ఉంచుకున్నారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ప్రసాదు ఇంటికి చేరాడు. రత్నం ఫోను చేస్తూనే ఉంది, మావారి మోకాళ్ళ గురించి, మామిడిపళ్ళ గురించి అడుగుతుంది. కొబ్బరికాయ మాట ఎత్తదు. నేనూ ఇంకా ఏ జవాబూ చెప్పలేదు.